అక్కా అని పిలవనివాడు

“ఏమప్పా, కండ్లు కనపడలేదా? బోర్డులో ఏం రాసి ఉండాది?”

దొరైస్వామి గడపలో ఆగిపోయాడు. బయట వాన. అతని చెప్పులకంటిన బురద, అప్పుడే తుడిచిన నేలమీద గుడియాత్తం నుంచి వచ్చిన దారంతా చూపిస్తోంది. గుడ్డ చేతబట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. జడ చివర వానచుక్కలు. కళ్ళల్లో మాత్రం ఎండాకాలం.

అతను తలెత్తి బోర్డు చూశాడు. మురుకులు పిండినట్టు గుండ్రటి అక్షరాలు.

“చదివితే కదమ్మా తెలిసేది.”

“మాట్లాడేది తెలుగే కదా?”

“నోటికి తెలుగే. కంటికే అరవం.”

ఆ అమ్మాయి కోపం నవ్వుకు దారి ఇచ్చింది. “చెప్పులు బయట విడువవలెను అని రాసి ఉండాది. ముందు విడువు.”

ఆమె పేరు అమ్మణి. తిరువలం పద్మనాభన్ మాస్టారి కూతురు. రోజూ బస్సులో వేలూరు కాలేజీకి వచ్చిపోయేది. కాలేజీ తెలుగు సంఘానికి ఆమె ఉపకార్యదర్శి.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది అది. చిత్తూరు అటు పోయింది. వేలూరూ గుడియాత్తమూ ఇటే ఉండిపోయాయి. ఇటు మిగిలిన తెలుగు పిల్లలు నలుగురూ ఒకచోట ఉండాలని, సీనియర్ వెంకటాద్రి పూనుకుని కోట కందకం కనబడే మిద్దె ఒకటి అద్దెకు తీసుకుని సంఘం పెట్టాడు. సభ్యుడైతే మిద్దెలో పడక, రాగిసంగటి, చింతకాయ పచ్చడి. సభ్యుడు కావాలంటే లోపలి గోడకున్న ప్రమాణం బోర్డును నలుగురి ముందూ సొంతంగా చదవాలి. ఒకరు చెబితే వల్లించడం చెల్లదు.

దొరైస్వామికి ఆ పడక కావాలి. పొద్దున బస్సు తప్పితే క్లాసు పోతుంది. క్లాసులు చాలానే పోయాయి. “దీపావళిలోగా వేలూరులో ఉండే చోటు చూసుకుంటివా సరి. లేదంటే ఊరికొచ్చి చేలో మడక పట్టుకో,” అని నాయన పెరుమాళ్ నాయుడు తేల్చి చెప్పేశాడు.

అక్షరాలు నేర్పే పని అమ్మణిది. సాయంత్రం బస్సు వచ్చేదాకా వరండాలో పలక పట్టుకుని కూర్చునేవాళ్ళు.

“ఇదేంది?”

“క.”

“తలకట్టు యాడ పోయింది?”

“వాన కదా, తడిసి జారిపోయింది.”

“నీ తలకాయ జారిపోలేదు, అదే సంతోషం. మళ్ళీ రాయి.”

సంఘంలో ఆడపిల్ల ఎవరైనా అందరికీ అక్కే. అది అక్కడి కట్టుబాటు. సీనియర్ వెంకటాద్రి కూడా అమ్మణిని అక్కా అనే పిలిచేవాడు. దొరైస్వామి మాత్రం ఏ పిలుపూ లేకుండా నెట్టుకొచ్చేవాడు. పలక కావాలంటే గొంతు సవరించుకునేవాడు. మంచినీళ్ళు కావాలంటే కుండవైపు చూసి దగ్గేవాడు.

“నీకు దగ్గుజబ్బేమన్నా ఉండాదా? పెద్దాసుపత్రి దగ్గరే కదా, పోయి చూపించుకో,” అంది ఒకరోజు.

“ఈ జబ్బుకు వాళ్ళ దగ్గర మందు లేదులే.”

ఆమె పలక తుడుస్తూ ఉండిపోయింది. పలక అప్పటికే శుభ్రంగా ఉంది.

గుణింతాలు అయ్యాయి, ఒత్తులు అయ్యాయి. ఒక మధ్యాహ్నం చూరునీళ్ళు ధారగా పడుతుంటే, “ఇంక లోపలికి పోయి ప్రమాణం చదువు, వింటాను,” అంది అమ్మణి.

అతను బోర్డు ముందు నిలబడి, అన్నిటికన్నా పెద్ద అక్షరాలున్న మూడో వరుసను వేలితో గాలిలో గీస్తూ కూడబలుక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగాక తెలుగులో అతను చదివిన మొదటి నిండు వాక్యం అది.

“ఈ... సంఘము నందలి... సభ్యులెల్లరును... నాకు... తోబుట్టువులు.”

వేలు గాల్లోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగాడు. అమ్మణి కిటికీలోంచి వానను చూస్తోంది.

“అర్థమైందా?” అంది తిరగకుండానే.

“కాకుండా ఉంటే బాగుండు. ఎవరు రాసిందిది?”

“చెప్పింది వెంకటాద్రి. రాసింది నేను.” కాస్త ఆగి అంది. “అప్పటికి నువ్వు రాలేదు కదా.”

ఆ మాటతో అతనికి వారం రోజులు నిద్ర లేదు. మా పక్క వావివరసలంటే ఆటలు కాదు. నలుగురి ముందూ తోబుట్టువని ఒప్పుకున్న పిల్లను ఆనక పెళ్ళాడతానంటే, ఇంట్లో ముసలమ్మలు చెవులు మూసుకుంటారు. చదివితే అమ్మణి పోయె. చదవకపోతే కాలేజీ పోయె.

చేరే రోజు రానే వచ్చింది. జంపఖానా పరిచారు, సాంబ్రాణి వేశారు. మూటెడు వేరుశెనక్కాయలు మోసుకుని పెరుమాళ్ నాయుడు కూడా వచ్చాడు, కొడుకు గడప దాటడం కళ్ళారా చూడాలని.

దొరైస్వామి లేచాడు. తెలుగు మాటను కాపాడతాను అన్నాడు. ఉన్నదాంట్లో పంచుకు తింటాను అన్నాడు. మూడో వరుస దగ్గర ఆగాడు.

“ఏమప్పా, అక్షరం తెలీలేదా?” అన్నాడు వెంకటాద్రి.

“తెలిసిందన్నా. అదే తంటా.”

“చదవరా నాయనా, బస్సుకు పోవాల,” అన్నాడు పెరుమాళ్ నాయుడు.

దొరైస్వామి చేతులు జోడించాడు. “ఈ ఒక్కమాట నా నోట రాదన్నా. పడక వద్దులే. ఊరికి పోతా.”

గుసగుసలు లేచాయి. పెరుమాళ్ నాయుడు మూట తిరిగి భుజానికెత్తుకోబోయాడు.

అప్పుడు లేచింది అమ్మణి. పైటకున్న సంఘం బిళ్ళను తీసి వెంకటాద్రి ముందు పెట్టింది.

“నేను సంఘంలోనుంచి తప్పుకుంటాండా.”

“ఏమైందక్కా?”

“ఏమీ కాలేదు. ఇంట్లో పనుండాది.” అందరి మధ్యనుంచీ నడిచి, గడప దాటి, వరండాలో నిలబడి, తల మాత్రం లోపలికి పెట్టింది. “ఇప్పుడు చదువప్పా. గట్టిగా. నాకూ వినపడాల.”

దొరైస్వామి చదివాడు. కందకం అవతల గడ్డిమేసే మేకలు తలెత్తి చూశాయట. ఆ గొంతులో అంత సంతోషం ఎందుకో ముందుగా అర్థమైంది పెరుమాళ్ నాయుడికే. మూట దించి, వరండాలోకి పోయి, “ఏ ఊరమ్మా మీది?” అని అడిగాడు.

చదువులు ముగిశాక తిరువలంలో మాట్లాడుకున్నారు. పద్మనాభన్ మాస్టారు కళ్ళద్దాలు పైకి తోసుకుని ఒకే ప్రశ్న వేశాడు. “సంఘంలో మా అమ్మణిని ఏమని పిలిచేవాడివి నాయనా?”

“ఏమనీ పిలవలేదు సార్. దగ్గేవాణ్ణి.”

మాస్టారు తాంబూలం పళ్ళెం తెమ్మన్నాడు.

ఇప్పుడా మిద్దె లేదు. ఏడాదికోసారి ఎవరో ఒకరింట్లో పాత సభ్యులు కలుస్తారు. ఏటేటా ఒకరిద్దరు తగ్గుతున్నారు. ప్రమాణం బోర్డు చెదలు తిన్నది. చెప్పుల బోర్డు మాత్రం మిగిలింది. దాన్నే వాకిట్లో తగిలిస్తారు. అందరూ లేచి ప్రమాణం చెప్పేటప్పుడు, మోకాళ్ళ నొప్పితోనే అమ్మణి లేచి వరండాలోకి పోతుంది. ఎవరు బతిమాలినా మళ్ళీ సభ్యురాలు కాలేదు.

అయిపోయాక దొరైస్వామి బయటికొచ్చి, ఆమెవైపు చూసి దగ్గుతాడు.

“అయిందా మీ తోబుట్టువుల గొడవ?” అంటుంది. ఆనక చెప్పులు అతని కాళ్ళ దగ్గరికి జరిపి, పైన బోర్డు చూపిస్తుంది. “ఏం రాసి ఉండాదప్పా?”

ఆయన కళ్ళజోడు సరిచేసుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదువుతాడు, తొందరేమీ లేనట్టు.