స్ప్రింగ్ బ్రేక్‌కి నర్సాపురం

శుక్రవారం ఉదయం పెసరట్లు వేస్తూ సుకుమారి ఆ మాట అననే అంది. ఈసారి స్ప్రింగ్ బ్రేక్‌కి సొంతూరు నర్సాపురం వెళ్దామని.

ఆమె భర్త విన్సెంట్ దోహాలో, మదీనత్ ఖలీఫా పేటలో ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు చూస్తాడు. మార్చి వచ్చిందంటే ఊపిరాడదు. అమెరికన్ బడి టీచర్లంతా అతని దగ్గరికే వస్తారు. వాళ్ల పద్ధతే వేరు. మనవాళ్లు ఊరు పేరు చెప్పి ఖర్చెంతని అడుగుతారు. వాళ్లు మనిషికి ఇంతని ముందే గీత గీసుకుని, ఆ డబ్బుకి ఎంత దూరం పంపగలవని అడుగుతారు. జాంజిబార్ కుదరకపోతే ఒమాన్, అదీ కుదరకపోతే జార్జియా. అందులో విన్సెంట్‌ది అందె వేసిన చెయ్యి. వాళ్లెవరైనా మానుకున్న సీట్లు చవగ్గా దొరికితే ఇంటికి తెచ్చుకుంటాడు. అలా నాలుగేళ్లుగా భార్యనీ కూతురినీ తిప్పుతూనే ఉన్నాడు.

సుకుమారి పని ఆ బడి లైబ్రరీలోనే. అక్కడే ఏడో తరగతి చదివే కూతురు షెరిన్‌కీ ఆమెకీ ఈ స్ప్రింగ్ బ్రేక్ వారం సెలవులు ఒకేసారి. ఈ ఏడు ఆ వారంలోనే ఈస్టర్ పడింది.

"జార్జియాలో టిబిలిసికి మూడు సీట్లు దొరికాయి సుకుమారీ. కొండల మీద ఇంకా మంచుందంట" అన్నాడు విన్సెంట్, ఆమె మాట విననట్టే.

ఆమెకి ఒళ్లు మండింది. షెరిన్ తర్వాత ఆరేళ్లకు పుట్టిన బాబు పదకొండు రోజులే బతికాడు. నర్సాపురం సమాధుల తోటలో వాణ్ణి పెట్టి, నెల తిరక్కుండా దోహా వచ్చేశారు. వెంటనే కరోనా వచ్చి దారులు మూసుకున్నాయి. తర్వాత ఒక్కసారి ఊరెళ్లినా వానలని, తోటలో మోకాలి లోతు నీళ్లని అతను అటు వెళ్లనివ్వలేదు. ఈస్టర్ తెల్లవారుజామున ఊళ్లో క్రైస్తవులంతా తమవాళ్ల సమాధులకు సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆరు ఈస్టర్లు దాటిపోయాయి. కన్నతల్లి ఒక్క కొవ్వొత్తి వెలిగించుకోలేదు.

స్టవ్ కట్టేసి వచ్చి అతనికి ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, ఆ అమెరికా వాళ్లకి ఎంత డబ్బుంటే అంతలో ఏదో ఒక దారి చూపిస్తారు. నేనడిగింది ఒక్క ఊరు. ఎందుకు తీసుకెళ్లరు?"

ఖర్చన్నాడు. టిబిలిసి కంటే తక్కువేనని ఆమె లెక్క చెప్పింది. ఎండలన్నాడు, షెరిన్‌కి పడవన్నాడు. గదిలోంచి షెరిన్ వచ్చి, తనకేం కాదని, తమ్ముడి దగ్గరికే వెళ్దామని అంది. విన్సెంట్ తల దించుకున్నాడు.

"అక్కడ వాడికి చోటు లేదు సుకుమారీ."

ఆమెకి అర్థం కాలేదు. అతను మాటలు కూడదీసుకుని చెప్పాడు. రెండోసారి కరోనా వచ్చినప్పుడు తోటలో జాగా చాల్లేదు. సిమెంటు కట్టని మట్టి ఎక్కడుంటే అక్కడ తవ్వారు. బాబు మీద వేరొకరిని పెట్టారు. విన్సెంట్ అన్నయ్య సత్యవేదం ఫోన్ చేసి ఏడ్చాడు. బాబుకి సమాధి కట్టిస్తానని ఆయన మొదట్లోనే అన్నాడు. వద్దన్నది విన్సెంటే.

"ఈస్టర్‌కి వచ్చి నా చేత్తో నేనే కట్టుకుంటానన్నాను. ఓ కర్ర సిలువ పాతి వచ్చేశాను. నీ మొహం చూసి ఎలా చెప్పను? అందుకే ఏటా నిన్ను ఎక్కడికో ఒకచోటికి తిప్పుతున్నాను."

సుకుమారి లేచి అతని చొక్కా పట్టుకుని కుదిపేసింది. నాలుగేళ్లుగా మంచులోనూ సముద్రం ఒడ్డునా తను నవ్విన ఫొటోలన్నీ గుర్తొచ్చాయి. ఇన్నేళ్లూ ఈ మనిషి ఒక్కడే మోశాడని తోచాక అతని భుజం మీదే తల వాల్చి ఏడ్చింది. షెరిన్ ఇద్దరినీ పట్టుకుని నిలబడింది.

సుకుమారి కళ్లు తుడుచుకుని, బాబు పైన ఉన్నదెవరని అడిగింది. ఎవరో పుష్పమ్మ అనే ముసలావిడని, మనవలు సమాధి కట్టించారని విన్సెంట్ చెప్పాడు.

ఆమె అతని అన్నయ్యకు ఫోన్ చెయ్యమంది. కలిపి, "అన్నయ్యా" అని మాత్రం అని ఫోన్ ఆమె వైపు చాచాడు. సుకుమారి ఫోన్ అందుకుంది.

"బావగారూ, ఈస్టర్‌కి వస్తున్నామండీ. పుష్పమ్మగారి మనవల్ని అడగండి. ఈసారి ఆవిడ సమాధికి సున్నం నేను వేసుకుంటాను. నా బిడ్డ ఆవిడ ఒళ్లోనే కదండీ ఉన్నాడు."