మూడో ఇంజెక్టర్ చెప్పిన సాక్ష్యం

"ట్యాంకరు కాడ నా బిందెను వరస నుంచి తన్నేసినారు సార్."

పుష్పావతి కుర్చీలో కూర్చోకుండానే ఆ మాట అంది. అనంతపురం గడియారస్తంభం దగ్గర మేడ మీది ఇరుకు గది అది. డిటెక్టివ్ ఆదెన్న పన్నెండేళ్లుగా అక్కడే కేసులు వింటున్నాడు. అంతకు ముందు బస్సు డిపోలో డీజిల్ పంపులు విప్పిన మనిషి. ట్యూషన్లు మానేసి అతని దగ్గర చేరిన ముప్పయ్యేళ్ల శశి నోటుబుక్కు తెరిచింది.

అది 2002, వరసగా వానలు మొహం చాటేసిన ఏడు. నీళ్ల వరసలో బిందెను తన్నేశారంటే ఊళ్లోంచి గెంటేసినట్టే లెక్క.

సంగతి ఇది. పుష్పావతి భర్త గంగాధర్, కదిరి దగ్గర నూనెమిల్లు యజమాని శ్రీరంగప్ప జీపు తోలుతాడు. తొమ్మిది రోజుల కిందట అదే ఊరి నల్లమ్మ కోడలు జయంతికి నొప్పులు మొదలైతే, అత్తాకోడళ్లను ఎక్కించుకుని కదిరి ఆసుపత్రికి బయల్దేరాడు. గుట్ట ఎక్కుడులో జీపు ఆగిపోయింది. రెండు గంటలు గడిస్తే గానీ ఒక లారీ దొరకలేదు. జయంతి బతికింది, బిడ్డ దక్కలేదు. డీజిలు అమ్ముకుని ట్యాంకులో కిరసనాయిలు పోసినందుకే జీపు ఆగిందని మర్నాటి నుంచి శ్రీరంగప్ప ఊరంతా చాటాడు.

"ఈ పొద్దు నాలుక్కు మిల్లు కాడ అందరూ చేరి మా ఆయప్పను పోలీసోళ్లకు అప్పజెప్తారంట. బిడ్డను సంపినోడు అంటాండారు సార్!"

"ఇంజన్ విప్పి చూసినారా ఎవరన్నా?" అన్నాడు ఆదెన్న.

"లే సార్. మేస్త్రీ బసప్ప బానెట్ గూడా ఎత్తలే. కిరసనాయిలే అయ్యుంటాదని శ్రీరంగప్పంటే, ఈయప్ప ఊ అన్నాడు."

బానెట్ ఎత్తకుండానే తీర్పు! డ్రైవర్ అనేసరికి దొంగే అయ్యుంటాడని ఎంత తొందరో జనానికి!

"మీ ఆయన దుడ్లకు ఆశపడే మనిషా?" అంది శశి.

"ఆశా? నెల నుంచి ఆయప్ప అంగీ ఉతికితే బోండాల అంగడి వాసన. నాకు, పిల్లోళ్లకు లేకుండా ఒక్కడే తింటాండాడని నేనే తిట్టినా. తినలేదని ఒట్టేసినాడు పాపం."

ఆదెన్న చేతిలోని టీ గ్లాసు అట్లాగే కింద పెట్టాడు. "పదండి, బస్సుకు టైమయింది."

ఊళ్లో గంగాధర్ గడ్డం పెరిగి, కళ్లు లోతుకు పోయి ఉన్నాడు.

"ఆ పొద్దు ట్యాంకులో డీజిలెంత?" అని అడిగాడు ఆదెన్న.

"కాల్భాగం సార్. మీటరు ముల్లు చూసుకునే బయల్దేరినా."

"నువ్వే పోస్తావా?"

"యాడిది సార్! ట్యాంకు మూతకు తాళం. దాని చెవి శ్రీరంగప్ప మొలతాడుకే ఉంటాది. ఆయప్పే డ్రమ్ములోంచి పోస్తాడు. నేనీ మాట చెప్తే, మారు చెవి చేయించుకోకుండా ఉంటావా అని నవ్వినారు."

"ఇంజన్ ముందే చెడిందా?"

"నెల నుంచి దడదడ కొడతాండె. పొద్దున స్టార్ట్ అయ్యేదే కష్టం. రెండుతూర్లు చెప్పినా. నోర్మూసుకొని తోలు అన్నాడు. ఆగిపోయినాక జీపును మిల్లుకు లాక్కపోయి గేటేసినాడు. మళ్లా నన్ను దగ్గరికి రానీలే."

నల్లమ్మ గడప మీద కూర్చుని ఉంది. లోపల జయంతి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె మొగుడు బెంగుళూరులో కూలిపనిలో ఉన్నాడు, ఏ పనిచోట ఉన్నాడో తెలియక కబురు ఇంకా అందలేదు.

"ఆ గంగాధర్‌ను నేనే చెప్పుతో కొట్టినా," అంది నల్లమ్మ. "కొట్టకుండా? బిడ్డ పేరున దీపం పెడదామంటే ఇంట్లో నూనె చుక్క లేదు. మిల్లులో అడుగు మడ్డి ఎప్పుడూ ఊరికే పోస్తాండ్రి. దసరా నుంచి అదీ లేదంటాండారు."

శశి ఆ మాట రాసుకుంది గానీ ఎందుకు రాసుకుందో ఆమెకే తెలియలేదు.

నాలుగింటికి మిల్లు ఆవరణ నిండిపోయింది. జయంతి కూడా అత్త భుజం పట్టుకుని వచ్చి ఒక మూల కూర్చుంది. ఆదెన్న ట్యాంకు తెరవమన్నాడు. శ్రీరంగప్ప విసుక్కుంటూ మొలతాడు నుంచి చెవి తీసి తాళం తీశాడు. ఆదెన్న పుల్ల ముంచి చూశాడు. అంచుదాకా శుభ్రమైన డీజిలు ఉంది. ఏమీ అనకుండా బసప్పను పిలిచి ఇంజన్ స్టార్ట్ చేయించాడు. జీపు వణుకుతూ, తెల్లటి పొగ కక్కుతూ స్టార్ట్ అయింది.

"ఇంజన్‌లోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు నాలుగు. ఒక్కొక్కదాని పైపు నట్టు వదులు చెయ్యి బసప్పా. మంచి ఇంజెక్టర్‌కు డీజిలు ఆగితే ఇంజన్ కుంగుతుంది. చచ్చినదానికి ఆగినా ఇంజన్‌కు తేడా తెలీదు."

ఒకటోది వదులు చేస్తే ఇంజన్ కుంగింది. రెండోదానికి కొద్దిగానే కుంగింది. మూడోది వదులు చేస్తే శబ్దంలో ఇసుమంత మార్పు లేదు. నాలుగోదానికి మళ్లీ కుంగింది. మూడోది విప్పి, బయటే పైపుకు బిగించి ఇంజన్ తిప్పారు. సన్నటి తుంపరగా చిమ్మాల్సిన డీజిలు బొట్లు బొట్లుగా కారింది. దాని మూతికి ముదురు గోధుమరంగు బంక గట్టిగా పట్టుకుని ఉంది.

"కిరసనాయిలు పల్చన. ఇంజన్‌ను అరగదీస్తుందే గాని ఇట్లా బంక కట్టదు. ఇదేందో చెప్పేటోళ్లు ఈడ చానామంది ఉండారు." ఆదెన్న ఆ ఇంజెక్టర్‌ను నేరుగా ఆడవాళ్ల దగ్గరికి తీసుకుపోయాడు.

నల్లమ్మ గోటితో గీకి, వాసన చూసి, మొహం చిట్లించింది. "ఇదేముండాది? బాండ్లి అంచుకు పట్టే జిడ్డు. శెనక్కాయ నూనె మాడితే ఇట్లే పడ్తాది. బూడిదేసి ఎంత తోమినా పోదు."

"గంగాధర్ అంగీకి బోండాల వాసన పొగలోంచి వచ్చింది," అన్నాడు ఆదెన్న. "దసరా నుంచి మిల్లులో మడ్డి దీపానికి కూడా దొరకలేదు. యాడికి పోయిందప్పా శ్రీరంగప్పా?"

"వాడే ఎత్తుకపోయి పోసింటాడు! మారు చెవి..."

"సరే, ఉందనుకుందాం. ఆ పొద్దు ముల్లు కాల్భాగం చూపించింది. మర్నాటి నుంచి జీపు నీ గేటు లోపలే ఉండాది. గంగాధర్‌ను రానీలేదు. ఈ పొద్దు ట్యాంకు నిండుగా ఉండాది, మంచి డీజిలుతో! కదలని జీపుకు డీజిలు ఎవరు పోసినారు? పాతది ఎవరు దించినారు?"

శ్రీరంగప్ప చెమట తుడుచుకున్నాడు.

"నా బాయికాడి ఇంజన్ మూడేండ్లుగా మడ్డి కలిపిన డీజిలుతోనే తిరుగుతాంది! మెల్లగా తిరిగే ఇంజన్, ఏమీ కాలే. జీపు గూడా తాగుతాదనుకుంటి. కావాలని చేసినానా?"

ఆదెన్న గొంతు మొదటిసారి లేచింది. "కావాలని చెయ్యలేదు, ఒప్పుకుంటా. అది తెలివితక్కువ. డ్రైవర్ రెండుతూర్లు చెప్పినా వినకపోవడం పొగరు. బిడ్డ పోయిందని తెలిసినాక ట్యాంకు కడిగి, రెక్కల కష్టం తప్ప ఏమీ లేనోని మెడకు చుట్టినావే, దాన్నేమంటారో నువ్వే చెప్పు! సిగ్గు లేదా నీకు?"

బసప్ప తల ఎత్తలేకపోయాడు. "చూడకుండానే ఊ అంటి అన్నా. కొట్టు నన్ను," అన్నాడు గంగాధర్‌తో. జరిగినదంతా శశి రాసిన కాగితం మీద మొదటి సంతకం అతనే పెట్టాడు. పోలీసులకు ఏం చెప్పాలో ఇప్పుడు ఊరికి తెలిసింది.

అప్పుడు జయంతి లేచింది. తొమ్మిది రోజులుగా ఆమె నోటి నుంచి ఒక్క మాట ఎవరూ వినలేదు.

"శ్రీరంగప్పా, నా బిడ్డ పోయిందని ఊరంతా తిరిగి అరిచినావే. మగబిడ్డో ఆడబిడ్డో ఒక్కతూరన్నా అడిగినావా?"

ఆమె చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగింది. "మీరు అడిగినారా?"

ఆమె గంగాధర్ వైపు చెయ్యి చూపింది.

"గంగాధరన్నను అడగండి, చెప్తాడు. నా మొగుడు ఊర్లో లేడని ఆ పొద్దు కదిరిలో బిడ్డకు గుంత తవ్వింది ఆయప్పే."

నల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గంగాధర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ఆడబిడ్డ," అన్నాడు.