గజ్జె విప్పి చెప్పిన మాట

శత్రుసేనలు నలుదిక్కులా మోహరించి ఫిరంగులు మోగిస్తున్నా, గండశిల దుర్గంలో విజయదశమి నాటకం ఆగలేదు. పూలతోరణాలు కట్టిన కొలువుకూటంలో భైరవ నాయకుడు సింహాసనాసీనుడై ఉన్నాడు గాని, కడుపుమంట మాత్రం చల్లారలేదు. సేనాని కొమ్మరాజును సంకెళ్లతో వీధిన నడిపిస్తుంటే జనం కాళ్లకు మొక్కారట! ఏలిక తానుండగా మొక్కులు మరొకడికా?

ఓర్వలేనివాడి చెవిని కొరికేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. సేనాపతి పదవి తన అల్లుడికి దక్కలేదన్న అక్కసుతో మంత్రి విఠ్ఠయామాత్యుడు, కొమ్మరాజు శత్రువుతో చేయి కలిపాడని చెప్పాడు. నాటకం ముగియగానే శిరశ్ఛేదమని రాజాజ్ఞ అయింది.

ఆ కొలువులో గజ్జె కట్టినవారు ఏమన్నా శిక్ష లేదు. రాణి వేషంలో ఉన్న లోకసాని ఆట నడుమ ఆగి, సింహాసనం ఎదుట నిలిచింది.

"మహాప్రభూ! సేనాని నా చేత శత్రువుకు వర్తమానాలు పంపాడని అబద్ధసాక్ష్యం చెప్పమన్నారు మంత్రివర్యులు. ఒల్లనన్నాను. కొమ్మరాజు నిర్దోషి. తాము ఆ అబద్ధాన్ని నమ్మినది అసూయ చేత!"

మంత్రి పకపకా నవ్వాడు. "గజ్జె కట్టి ఎవరైనా అంటారు, ప్రభూ! వేషపు మాటకు విలువేమి? ఆడుదానికి అంత ధైర్యముంటే విప్పి చెప్పమనండి."

ఆ నవ్వే అతని కొంప ముంచింది. లోకసాని అక్కడే కూర్చుని, రెండు కాళ్ల గజ్జెలూ విప్పి పక్కన పెట్టింది. లేచి అవే మాటలు పొల్లుపోకుండా మళ్లీ చెప్పింది. 'అసూయ' అన్న మాటను కూడా వదలలేదు.

శిక్షకు తెగించి చెప్పిన మాటను కాదనే దారి రాజుకు లేకపోయింది. కొమ్మరాజు సంకెళ్లు విప్పించి, మంత్రిని చెరలో వేయించాడు. పిమ్మట ఆమె వైపు తిరిగాడు.

"ఆ చివరి మాట వెనక్కి తీసుకో. ప్రాణం దక్కుతుంది."

"తీసుకుంటే రేపు మరో కొమ్మరాజు తల పోతుంది, ప్రభూ. తీసుకోను."

రాజు ఆమెకు మరణం విధించాడు. కొమ్మరాజు తన తల తీసుకొమ్మని కాళ్లపై పడినా వినలేదు. "నీ ప్రాణం నాది కాదు, కోటది. పో, నాయనా!" అన్నది లోకసాని.

ఆమె తల తెగింది. కొమ్మరాజు కన్నీళ్లతోనే కోట ద్వారం దాటి, ముట్టడిని ఛేదించి, శత్రువును తరిమికొట్టి మరలి వచ్చాడు. గెలిచిన సేన కోటలో అడుగుపెడుతూ జయజయధ్వానాలు చేసింది. రాజు చెవియొగ్గి విన్నాడు. ఆ నినాదాలలో వినిపించినది తన పేరు కాదు, కొమ్మరాజు పేరూ కాదు, లోకసాని పేరు.

భైరవ నాయకుడు చచ్చినదాన్ని చూసి కూడా ఓర్వలేకపోయాడు.