స్కార్‌బు ఇంటి పెట్టెమంచం

ఏప్రిల్ వచ్చిందంటే సిసెల్‌కి ఊపిరి సలపదు. మే ఒకటిన మ్యూజియం గేట్లు తెరిచేసరికి నలభై మంది మనుషులు నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోవాలి. వాళ్ళ పావడాలు, రవికలు, ఉన్ని మేజోళ్ళు, తలగుడ్డలు అన్నీ ఆమె కుట్టుగదిలోంచే వెళ్ళాలి. చూడటానికి వచ్చే జనానికి కనబడేది రొట్టెలు కాల్చే ఆడవాళ్ళూ, గుర్రాలకి నాడాలు కొట్టే మగవాళ్ళూ. వాళ్ళ వెనకాల ఎక్కడో, గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని వంగి కూచునే సిసెల్ ఎవరికీ కనబడదు. ఇరవై రెండేళ్ళుగా అంతే. ఆమెకి అదే ఇష్టం.

మ్యూజియం అంటే ఒక పెద్ద కొండవాలు. నార్వే లోయల్లోని పాత ఇళ్ళని దుంగకి దుంగ విప్పి, నంబర్లు వేసి, ఇక్కడికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. శీతాకాలమంతా మూసి ఉంటాయి. ఏప్రిల్లో ఒక్కొక్కటీ తెరిచి, మూడేసి రోజులు పొయ్యి వెలిగించి చెమ్మ ఆరబెడతారు. ఆ ఏడు మంచు తొందరగా కరిగింది. చూరుల నుంచి పగలంతా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కాలవ గట్ల మీద పసుపు పూలు అప్పుడే తలలెత్తాయి.

కొత్తగా వచ్చిన డైరెక్టర్ వీగ్డిస్ ఒక సోమవారం కుట్టుగదిలోకి వచ్చి, బట్టల కుప్ప మీదే కూచుంది.

"స్కార్‌బు ఇంట్లో గోడలో పెట్టెమంచం ఉంది కదా, దాని తలుపులు ఎందుకు మూసేశారు?"

"నేను వచ్చినప్పటి నుంచీ అంతే."

"ఈ ఏడు తెరుద్దాం సిసెల్. పరుపు, దుప్పట్లు, దిండ్లు వేసి ఉంచు. పిల్లలకి భలే నచ్చుతుంది."

పెట్టెమంచం అంటే గోడలో బీరువాలా ఉంటుంది. తలుపులు తీసి లోపలికెక్కి, మళ్ళీ వేసుకుని పడుకోవాలి. పొడవు తక్కువ. ఆ రోజుల్లో వీపు వెనక దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, సగం కూచునే నిద్రపోయేవాళ్ళు. వెల్లకిలా పడుకోబెట్టేది శవాలనే.

సిసెల్ వడ్రంగి హెల్గెని సాయం పిలిచింది. అతనికి అరవై ఏడేళ్ళు. ఈ వేసవి అయ్యాక పని మానేస్తున్నాడు. స్కార్‌బు ఇంటిని ఇక్కడ నిలబెట్టింది వాళ్ళ నాన్నే. విషయం వినగానే హెల్గె చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"వద్దు. మా నాన్న నాకు చెప్పిన మాట ఒక్కటే. ఆ తలుపులు ముట్టుకోవద్దన్నాడు."

"ఎందుకట?"

"అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు. ఏదడిగినా ఆయన జవాబు అదే."

"అయితే నువ్వూ కిటికీలోంచి చూస్తూ కూచో. నేనే తెరుచుకుంటాను," అని ఇనుప కడ్డీ పట్టుకుని పోయింది సిసెల్.

తలుపులకి బయట గడియ లేదు, తాళం లేదు. ఒక్క మేకు కూడా కనబడలేదు. అయినా కదల్లేదు. సందులో కడ్డీ దూర్చి బరువంతా వేసి నొక్కింది. కీచుమని ఒక తలుపు తెరుచుకుంది. లోపల ఖాళీ. గడ్డి ధూళి. చల్లారిన బూడిద వాసన, తడి ఉన్ని వాసన, కొవ్వు దీపం ఆర్పాక వచ్చే వాసన... అప్పుడే ఆర్పినట్టుగా.

తలుపు లోపలివైపు తిప్పి చూసింది. ఏడు మేకులున్నాయి. వాటి తలలు లోపలివైపు ఉన్నాయి.

సిసెల్ వాటిని రెండోసారి లెక్కపెట్టింది. లోపల మనిషి ఉంటేనే అలా కొట్టడం కుదురుతుంది. అదీ ఇల్లు ఇక్కడికి వచ్చి నిలబడ్డాకే; దుంగలు విప్పినప్పుడు ఆ తలుపులూ విప్పే ఉంటారు. మరి కొట్టిన మనిషి ఎటు పోయినట్టు? ఆ ఆలోచనని అక్కడే ఆపేసింది. పదకొండు పావడాలకి అంచులు కుట్టాలి ఇంకా.

సాయంత్రం హెల్గె వచ్చి చూశాడు. మేకులు ఒక్కొక్కటే పీకి జేబులో వేసుకున్నాడు. "మూసెయ్ సిసెల్," అన్నాడు మెల్లగా.

"నువ్వు కూడా అచ్చం మీ నాన్నలాగే తయారయ్యావు."

అతను జేబులో మేకులు తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

మంగళవారం ఆమె గడ్డిపరుపు వేసి, నార దుప్పటి పరిచి, తలవైపు మూడు దిండ్లు ఎత్తుగా పెట్టి వెళ్ళింది. బుధవారం పొద్దున వచ్చి చూస్తే దిండ్లు మూడూ కాళ్ళవైపు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది, వెల్లకిలా పడుకునే మనిషి కోసం పరిచినట్టు. మళ్ళీ సర్దింది. గురువారం మళ్ళీ అంతే.

"హెల్గె! నన్ను బెదిరించాలని చూస్తున్నావా?"

"నడుం వంచితే పైకి లేవలేని ముసలాణ్ణి. నీ దిండ్లతో ఆడుకుంటానా?" అన్నాడు. ఆ తరవాత గొంతు తగ్గించి, "ఆ ఇంటి తాళంచెవి నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదుగా," అన్నాడు.

అప్పుడైనా ఆగిపోవలసింది. సిసెల్ ఆ తరవాత ఆ మాట చాలాసార్లు అనుకుంది.

శుక్రవారం మారెన్ వచ్చింది. చనిపోయిన అక్క కూతురు. ఇరవై ఆరేళ్ళు. తల్లి పోయాక ఏడాది పాటు గదిలోంచి కదలని పిల్లని, బతిమాలీ కోప్పడీ ఈ ఉద్యోగంలో చేర్పించింది సిసెలే. స్కార్‌బు ఇంటి ఇల్లాలి వేషం ఆ పిల్లది. తొమ్మిదింటికి కుట్టుగదిలో నిలబెట్టి కొత్త పావడా కట్టింది, ఉన్ని రవిక తొడిగింది. నడుం పట్టీ బిగుతుగా ఉంది.

"ఊపిరి బిగబట్టకు. మామూలుగా నిలబడు."

"మామూలుగా నిలబడితే కొక్కెం ఊడి నీ కంట్లో పడుతుంది పిన్నీ."

"రాత్రి ఎన్ని వాఫెల్ అట్లు తిన్నావు?"

"నువ్వు వేసినన్ని!"

చాలా నెలల తరవాత ఆ పిల్ల నవ్వింది. సిసెల్ కొక్కేన్ని అరంగుళం జరిపి కుట్టింది. వేలు కూడా దూరనంత సరిగ్గా సరిపోయింది.

పదకొండింటికి స్కార్‌బు ఇంట్లో ఎండ నిండుగా పడుతోంది. వాకిలి తలుపు తీసే ఉంది. పక్కింటి కప్పు మీద హెల్గె సుత్తి చప్పుడు వినబడుతోంది. వీగ్డిస్ ఫోన్ పట్టుకుని నిలబడింది.

"మారెన్, నువ్వు లోపలికెక్కి తలుపులు వేసుకో. నేను మూడు లెక్కపెట్టగానే తీసి, 'రండి, కూచోండి' అను. అంతే, చిన్న వీడియో."

మారెన్ ఎక్కి దిండ్లకి ఆనుకుంది. "ఇందులో మనుషులు నిజంగా నిద్రపోయేవాళ్ళా?" అని మొహం చిట్లించి, తలుపులు దగ్గరికి లాక్కుంది.

"ఒకటి... రెండు... మూడు."

ఏమీ కాలేదు.

"మారెన్?" అంది వీగ్డిస్ నవ్వుతూ.

చూరు నీళ్ళు టప్‌మని పడ్డాయి. సిసెల్ మంచం దగ్గరికి నడిచింది. తలుపుల సందులోంచి గాలి వస్తోంది. చలిగా... జనవరి గాలిలా. ఆమె చెవి ఆనించింది.

లోపల ఎవరో పిలుస్తున్నారు. దగ్గర నుంచి కాదు. చాలా దూరం నుంచి... పొడుగాటి నడవకి ఆ చివర నుంచి. కానీ ఆ మంచం వెనక ఉన్నది ఒక్క దుంగల గోడే. దాని వెనక గడ్డిమైదానం.

"పిన్నీ..."

సిసెల్ తలుపు పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. కొంచెం వచ్చింది... లోపలి నుంచి ఎవరో మెల్లగా, తొందరేమీ లేనట్టు, వెనక్కి లాక్కున్నారు.

"హెల్గె!" అని అరిచింది. ఆ గొంతు తనదేనా అనిపించింది.

సుత్తి చప్పుడు ఆగింది. హెల్గె పరిగెత్తుకొచ్చాడు. ఏమైందని అడగలేదు. కడ్డీ దూర్చాడు. ముగ్గురూ కలిసి లాగారు. అవతలి పట్టు ఉన్నట్టుండి వదిలేసింది. తలుపులు తెరుచుకుని ముగ్గురూ వెనక్కి పడ్డారు.

మారెన్ వెల్లకిలా పడుకుని ఉంది. మోకాళ్ళు మడిచి, చేతులు రొమ్ము మీద పెట్టుకుని. దిండ్లు కాళ్ళ దగ్గర ఉన్నాయి. పెదాలు పగిలి ఉన్నాయి. ఎండ తగలగానే మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. ఆ చేతుల్లో ఎముకలే కనిపించాయి.

"మంచు కరిగిందా?" అని అడిగింది. గొంతు వాడి చాలా కాలమైన మనిషిలా.

నేల మీద పడ్డ వీగ్డిస్ ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉంది. తెర మీద అంకె రెండు నిమిషాలు కూడా దాటలేదు.

సిసెల్ ఆ పిల్లని ఎత్తుకుంది. ఉతికిన బట్టల మూట ఎత్తినట్టుంది. రెండు అడుగులు వేసేసరికి పావడా తుంటి మీదనుంచి జారి కింద పడిపోయింది. కొక్కెం పెట్టే ఉంది. పొద్దున తొమ్మిదింటికి తను వేలు దూరకుండా కుట్టిన పట్టీ... ఇప్పుడు అందులో రెండు పిడికిళ్ళు పడతాయి.

ఆసుపత్రిలో డాక్టరు సిసెల్‌ని పక్కకి పిలిచి, "ఈ అమ్మాయి ఎన్ని నెలల నుంచి తిండి మానేసింది? ఇంట్లో ఎవరూ చూడలేదా?" అని గట్టిగా అడిగింది.

మారెన్ నాలుగో రోజుకి కాస్త మాట్లాడింది.

"పిలుస్తూనే ఉన్నాను పిన్నీ. నువ్వు రాలేదు."

"వచ్చానమ్మా. అప్పటికప్పుడే వచ్చాను."

"ఆమె కూడా అదే అంది. వస్తారు, కానీ మంచు కరిగాక వస్తారు అంది."

"ఎవరు?"

మారెన్ తలుపు వైపు చూసింది. గుసగుసగా అంది. "నాకంటే ముందు నుంచి ఉంది. చీకట్లో చెయ్యి పట్టుకునేది. బయటికి రమ్మంటే, నాకక్కర్లేదు అనేది ఎప్పుడూ. కానీ మీరు తలుపు తీసినప్పుడు... నేను ఎటు వెళ్తున్నానో చూసింది."

ఆ వారం హెల్గె పెట్టెమంచానికి అడ్డంగా పలకలు వేసి బిగించాడు. వీగ్డిస్ స్కార్‌బు ఇంటిని ఆ ఏడు చూపించే ఇళ్ళ జాబితాలోంచి తీసేసింది. మారెన్ కోలుకుంటోంది. కూచునే నిద్రపోతుంది, దీపం ఆర్పనివ్వదు, అయినా కోలుకుంటోంది. సిసెల్‌కి ఆ పిల్ల మొహం చూడటానికి ధైర్యం చాలడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన బట్టల సంచీని విప్పింది ఏప్రిల్ ఆఖరి రోజున. కుట్టుగదిలో ఒక్కతే ఉంది. ఉన్ని రవిక బల్ల మీద పరిచింది. కొత్త గుడ్డ, తను కత్తిరించిందే. ఇప్పుడది నలిగి, పలచబడి, ఏళ్ళ తరబడి వాడినట్టుంది. రెండు మోచేతుల దగ్గరా అరిగి చిల్లులు పడ్డాయి. కుడి చేతి చిల్లుని ఎవరో అడ్డం, నిలువు అల్లి పూడ్చారు. ఎంత చిన్న కుట్లంటే సిసెల్ కళ్ళద్దాలు పెట్టుకుని చూడాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్ళ అనుభవంలో ఆమె చేతికి అంత పనితనం రాలేదు. మారెన్‌కి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

దారం తెల్లగా, సన్నగా ఉంది. వేలితో తడిమింది. దారం కాదు. తల వెంట్రుక.

ఎడమ చేతి చిల్లు సగమే పూడింది. వెంట్రుక అక్కడే వేలాడుతోంది, పని మధ్యలో వదిలేసి వెళ్ళినట్టు.

సిసెల్ రవికని మడత పెట్టకుండానే బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఇంటికి పట్టుకుపోయింది.

మర్నాడు మే ఒకటి. పొద్దున ఏడింటికే బయట పిల్లల గోల మొదలైంది. ఎక్కడో ఫిడేలు సరిచేసుకుంటున్నారు. సిసెల్ బీరువా తెరిచింది. రవిక బోర్లా, చక్కగా మడిచి ఉంది. ఎడమ మోచెయ్యి దగ్గర చిల్లు లేదు. చివరి కుట్టు దగ్గర వెంట్రుకని కత్తెరతో కత్తిరించలేదు, పళ్ళతో కొరికారు.

ఆ కొరికిన చోట వేలు పెట్టి చూసింది.

ఇంకా తడిగా ఉంది.