దీపిక చెవిలో ఆలస్యం

"నా గొంతు నాకే లేటుగ ఇనవడుతున్నది! గిదేం సౌండ్ సాయీ?"

దీపిక మైకు ముందు నిలబడి చెవిలోని ఇయర్‌ఫోన్ పీకేసింది. ఆ సాయంత్రమే శ్రీరాంపూర్ కాలనీ ఫంక్షన్ హాల్లో ఆమె బాపు రాజలింగు రిటైర్మెంటు సభ. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన ఆ మనిషి కోరింది ఒక్కటే, బిడ్డ పాట.

సాయిచంద్ డిజిటల్ మిక్సర్ తెర మీదకు వంగాడు. ఆరేళ్ల తర్వాత కలిసిన మనిషి, మొదటి మాటే తిట్టు. అయినా వినడానికి హాయిగానే ఉంది.

కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడూ ఇంతే. కాలేజీ ఆర్కెస్ట్రాలో ఆమె పాడేది, అతను పాత మిక్సర్ గుండీలు తిప్పేవాడు. పాట కుదిరితే ఆమె గొంతు గొప్ప, కుదరకపోతే అతని మిక్సర్ తప్పు. ప్రోగ్రాం అయ్యాక వానలో బస్టాండు దాకా ఒకే గొడుగు, దాని కిందా కొట్లాటే. కాగజ్‌నగర్ బడిలో ఉద్యోగం వచ్చి ఆమె వెళ్లిపోయిన రోజు, బస్సు కిటికీ దగ్గర ఏదో చెప్పబోయి "నీళ్ల బాటిల్ ఉన్నదా?" అని మాత్రం అడిగాడు.

"అన్నీ సరిగనే ఉన్నయి గదా," అన్నాడిప్పుడు.

"సరిగుంటే తాళమెందుకు తప్పుత?" దీపిక మైకు ముందు నుంచి పక్కకు జరిగింది. "ఆరేండ్ల సంది పాడలే. నాకే శాతనైతలేదేమో. పాడనని బాపుకు చెప్పేస్త."

సాయిచంద్ గతుక్కుమన్నాడు.

"తప్పు నీది గాదు, నాది. నీ గొంతుకు శ్రుతి సరిచేసే ఎఫెక్ట్ పెట్టిన. దానికి జర టైం పడ్తది. గొంతు ఎనుకబడుతది గదా, మిక్సర్ వాయిద్యాలను గూడ గంతసేపు ఆపి పంపుతది. బయటోళ్లకు అన్నీ కలిసే ఇనవడ్తయి. నీ చెవుల మాత్రం నీ గొంతు, నువ్వు పాడినంక వస్తది."

"నా శ్రుతి సరిచేసుడా? నాకు పాట రాదనుకున్నవా?"

"కాదు... బాపు ముంగట పరేషాన్ గావద్దని."

"నన్నొక్క మాట అడగొచ్చు గద! ఎప్పుడూ గింతే నువ్వు. మనసుల అనుకుంటవ్, నోరు తెరవవ్."

ఆమె కళ్లలో నీళ్లు చూసి అతను తెర వైపు తిరిగాడు. ఎఫెక్ట్ తీసేశాడు. వాయిద్యాలతో కలపడానికి మిక్సర్ ఆమె గొంతును ఆపి పంపకుండా, ఆమె చెవికి వెళ్లే దారిలో ఆ సర్దుబాటునూ తీసేశాడు.

"ఇగ ఉన్నదున్నట్టే పోతది. శ్రుతి తప్పినా దాచ."

"దాచకు," అంది దీపిక.

సాయంత్రం రేకుల మీద వాన దంచుతుండగా పాట మొదలైంది. రెండో చరణంలో గొంతు ఒకచోట జారింది. దీపిక బెదిరి అతని వైపు చూసింది. సాయిచంద్ వేళ్లు మిక్సర్ మీదకు వెళ్లి ఆగిపోయాయి. "పాడు" అన్నట్టు నవ్వాడు. ఆమె కళ్లు మూసుకుని అందుకుంది. ముందు వరసలో రాజలింగు మెడలోని శాలువాతో ముఖం తుడుచుకున్నాడు.

చప్పట్లు ఆగకముందే దీపిక మిక్సర్ దగ్గరికొచ్చింది.

"ఒక్కకాడ తప్పింది."

"ఇన్న."

"మరి చెప్తలేవేంది?"

"చెప్త. నువ్వంటే నాకిష్టం దీపికా. కాలేజీల సంది."

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. చేతిలోని ఇయర్‌ఫోన్ తీగను వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అంతలో వెనక దగ్గు వినిపించింది. రాజలింగు!

"సౌండుకు కరీంనగర్ పిలగాన్నే పిలవాలె అని నా బిడ్డ వారం దినాలు నా పానం దీసింది. ఎందుకో ఇప్పుడు సమజైంది," అన్నాడాయన. "ఐతారం మీ అవ్వను, బాపును తోల్కొని ఇంటికి రా."

"తప్పకుండ వస్తం, మామా!"

"గప్పుడే మామనా?" రాజలింగు హాలంతా వినబడేలా నవ్వాడు. దీపిక సిగ్గుతో బాపు శాలువా అంచు వెనక ముఖం దాచుకుంది.