వరసలో చోటు

మా ఫిల్మ్‌నగర్ ఫ్లాటు ముందుగదిలో సోఫా ఉండేది కాదు. అక్కడ నేను డాన్సు నేర్పేదాన్ని. జూబ్లీహిల్స్ పెద్దిళ్ల ఆడవాళ్లు పెళ్లిళ్ల ముందు కార్లలో దిగి, చెప్పులు గుమ్మం బయట వదిలి, సంగీత్‌కి కావలసిన అడుగులు నేర్చుకుని పోయేవారు. మద్రాసులో సినిమా గ్రూపు డాన్సరుగా మొదలై, పరిశ్రమ వెంటే ఇక్కడికి వచ్చినదాన్ని నేను.

హైటెక్ సిటీలో రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలం అది. మా మనవరాలు నిహారిక అక్కడే ఉద్యోగం చేస్తూ నా దగ్గర ఉండేది. నాకేమో మరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు, వీధి తలుపు గడియ, ఎదురింటివాళ్ల పేర్లు...

మా అమ్మాయి ఫోనులో ఖండితంగా చెప్పింది. "ఇంకొక్కసారి గ్యాస్ కట్టెయ్యడం మరిచిపోతే క్లాసులు బంద్ అమ్మా. మోతీనగర్ వచ్చి నా కళ్లముందుండాలి."

ఆ గది పోతే నేను పోయినట్టే. అందుకే ఆఫీసు ఫంక్షనుకి గ్రూపు డాన్సు నేర్పమని నిహారిక అడిగితే గబుక్కున ఒప్పుకున్నాను. తప్పు లేకుండా నేర్పితే నా బుర్ర బాగున్నట్టే కదా.

ఆషాఢమాసం, సాయంత్రం. పొద్దున్నుంచీ ముసురు. స్టూడియో వైపు నుంచి తడిసిన సెట్టింగుల చెక్కవాసన వస్తోంది. డాన్సు మ్యూజిక్ అమ్మే వెబ్‌సైటు ఒకటి పట్టింది నిహారిక. ఒక్కో బిట్టూ కాసేపు వినిపిస్తాడు. నచ్చితే కార్డు నంబరు కొట్టి కొనుక్కోవాలి.

"ఇదెలా ఉంది అమ్మమ్మా?"

"పెళ్లిబ్యాండులా ఉంది. తీసెయ్."

"ఇది?"

"దీనికి ఆడితే మీ మేనేజరు నడుం పట్టుకుని ఇంటికి పోతాడు."

పకపకా నవ్వి, ఇంకోటి నొక్కింది.

డప్పు. వెనకాల సన్నగా వేణువు. నడుమ గజ్జెలు ఒక్కసారి ఘల్లుమని ఆగాయి. నాకు తెలియకుండానే నా మడమ లేచింది.

"కొను."

"దీనికి పేరు లేదు, చేసినవాళ్లెవరో లేదు. ఉత్త నంబరే ఉంది."

"కొనవే!"

మద్రాసులో మా గ్రూపు ఆడిన పాట అది. బయటికి రానేలేదు. రిహార్సల్స్‌లోనే ఆగిపోయింది. వరసలో నా కుడిపక్క నిలబడే అమ్మాజీ, ఎత్తుగా కట్టిన మెట్ల మీంచి జారిపడి చచ్చిపోయింది. అశుభమని నిర్మాత పాటనే తీసిపారేశాడు. అలాంటిది అమ్మకానికెలా వచ్చింది? లేక వేరే పాటేదో నాకు అలా అనిపిస్తోందా? అదే అయితే, మోతీనగర్ ప్రయాణం తప్పదు.

పాట కంప్యూటర్‌లోకి దిగాక నిహారిక టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. అడుగులు గుర్తున్నాయో లేదో చూసుకుందామని లేచాను.

గ్రూపు డాన్సర్లకి ఒక అలవాటుంది. వరసలో ఎవరైనా ఇంకా రాకపోతే ఆ చోటు మూసెయ్యం. చెయ్యి చాస్తే అందేంత జాగా అటూ ఇటూ వదిలి నిలబడతాం. పాట మొదలవుతుంటే, ఇంకా జడలు సర్దుకుంటున్నవాళ్లని కేకేస్తాం. ఆలోచించి అనేది కాదు. నోరే అనేస్తుంది.

నిహారిక నొక్కినచోటే నొక్కాను. పాట మొదలైంది. అటూ ఇటూ చోటు వదిలి నిలబడ్డాను.

"రండే, చోటుంది!" అన్నాను.

అడుగు వెంట అడుగు వచ్చేసింది. ఒక్కటీ మరిచిపోలేదు. సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి.

అప్పుడు కరెంటు పోయింది.

యూపీఎస్ కీచుమంటోంది. కంప్యూటర్ తెర వెలుగు తప్ప అంతా చీకటి. పాట ఆగలేదు. కుడివైపు నుంచి వాసన వచ్చింది... మరువం. వాడిన మరువం. అమ్మాజీ జడలో ఎప్పుడూ ఉండేది.

వరసలో ఉండగా పక్కకి చూడకూడదు. చూడలేదు.

చేతులు చాచే అడుగు వచ్చింది. చాచాను.

వేళ్లకి వేళ్లు తగిలాయి. చల్లగా...

"నాగేశ్వరీ... మెల్లిగా," అంది ఒక గొంతు నా పేరు పెట్టి, చెవి పక్కనే. "జారుతుందే."

యూపీఎస్ చచ్చిపోయింది. పాట తెగింది. గజ్జెలు మాత్రం ఇంకో అడుగు వేసి ఆగాయి.

చేతులు చాచినట్టే నిలబడ్డాను. వంటింట్లోంచి కొవ్వొత్తి వెలుగు కదిలి వస్తోంది. నిహారికకి ఏమీ కనపడకపోతే నాకు మతి పోయినట్టు. కనపడితే... ఏది కోరుకోవాలో తెలియలేదు.

ఒక చేత్తో కొవ్వొత్తి, ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. నా దగ్గరికి తిన్నగా రాలేదు. నా కుడిపక్క చోటు చుట్టూ తిరిగి, "సారీ అండీ" అంటూ ఒద్దికగా తప్పుకుని వచ్చింది.

"ఇంత వానలో క్లాసుకొచ్చారా వీళ్లు? చెప్పద్దూ! ఇంకాస్త టీ పడేసేదాన్నిగా."

మతి పోలేదు. ఆ క్షణం నిజంగానే ఊపిరి పీల్చుకున్నాను. పిలిచాను, అమ్మాజీ వచ్చింది. అంతే కదా. నాతో ఒక కంచంలో తిన్న మనిషి.

"వీళ్లు" అంది నిహారిక...

నా ఎడమచెయ్యి ఇంకా చాచే ఉంది. దించబోయాను. రాలేదు. ఎవరో పట్టుకున్నారు.

నా ఎడమపక్క ఎవరు నిలబడేవారు? పేరు... ముఖం... ఊరు... ఏదీ తట్టడం లేదు. అందరినీ కలిపి రండే అన్నాను. ఎవరిని పిలిచాను?

నిహారిక నా చెవి దగ్గరికి వంగింది.

"అమ్మమ్మా... ఈ ఎడమపక్కావిడ గోడవైపు తిరిగి ఏదో గొణుగుతోంది."

"ఏమంటోందే?"

"నా పేరు చెప్పవే అంటోంది... చెప్పేదాకా చెయ్యి వదలదట."