పలికినవాళ్ళదే తాళం

ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రి కూడా కాస్త కునుకు తీస్తుంది. క్యాంటీన్‌లో కుర్చీలు బల్లలెక్కుతాయి. లిఫ్టు ఎవరూ పిలవక ఏదో ఒక అంతస్తులో నోరు తెరుచుకుని నిలబడిపోతుంది. నేల కింద ఉన్న సర్వర్ గదికి మాత్రం ఆదివారమూ లేదు, మధ్యాహ్నమూ లేదు. ఒక్క కిటికీ లేని గది అది. ఎప్పుడెళ్ళినా అదే చలి, అదే హోరు, అదే తెల్లటి వెలుగు. ఆ వెలుగు కూడా మనిషి కదిలితేనే. కరెంటు ఆదా అని మేనేజరు పెట్టించిన దీపాలవి. కాసేపు కదలకుండా కూర్చుంటే గదిలో ఎవరూ లేరనుకుని ఆరిపోతాయి.

ఆ రోజు ఆ గదిలో ఒక్కతే కూర్చుని పని చేసుకుంటున్న ఇంజనీరుని ఆసుపత్రిలో అందరూ తాళాలక్క అంటారు. పేరు పెట్టింది నర్సులు. ఒకప్పుడు ఏ కంప్యూటర్ ముందు కూర్చుని ఏ పేరు చెప్పినా ఫైళ్ళన్నీ తెరుచుకునేవి. ఈవిడొచ్చి ప్రతిదానికీ "నువ్వు నువ్వేనని రుజువేంటి?" అని అడగడం మొదలుపెట్టింది. పని తెమలక వాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆమె నవ్వేసి ఊరుకునేది గానీ, పట్టు మాత్రం సడలించేది కాదు.

ఆసుపత్రికి ఆరు భవనాలు. ఒక రోగి ఫైలు ఆరింట్లో ఎక్కడ తెరిచినా ఒకేలా కనబడాలి. ఒకరు రాస్తుంటే ఇంకొకరు వేలు పెట్టకుండా ఆ ఫైలుకి తాళం పడాలి. ఇదంతా చేసే పాత సిస్టమ్‌ని కట్టింది మాస్టారు. అందరికీ పని నేర్పిన మనిషి కాబట్టి ఆ పేరు. మంచివాడే, కానీ ఉత్త మొండి. ఆయన కట్టిన సిస్టమ్‌కీ ఆయన గుణమే వచ్చింది. ఎవరేం చెప్పినా నమ్ముతుంది. ఒకసారి తాళం వేసినవాళ్ళు తిరిగివ్వకపోతే ఏళ్ళ తరబడి అలాగే ఎదురుచూస్తుంది.

"మనవాళ్ళే కదమ్మాయ్. నేను ఫలానా అంటే నమ్మొద్దూ?" అనేవాడు.

"మీరు పోయాక కూడా మీ పేరు చెప్పుకుని ఎవరైనా లోపలికొచ్చేస్తారు మాస్టారూ," అని ఆమె ఒకసారి అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం పకపకా నవ్వాడు.

ఆయన బల్ల సర్వర్ల వెనక చివరి వరసలో ఉండేది. అక్కణ్ణుంచి "అమ్మాయ్" అని కేకేసేవాడు. పనిలో పడితే ఆమెకి వినబడదు. రెండోసారికి వినబడినా పంతానికి పలికేది కాదు. మూడోసారికి "ఆఁ" అనేది. "మూడు పిలుపులైతే గానీ నోరు పెగలదు కదా నీకు," అని దగ్గు బిళ్ళ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకుంటూ నవ్వేవాడు. ఆయన నోట్లో ఎప్పుడూ ఓ దగ్గు బిళ్ళ ఉండేది. పోయిన ఏడు ఈ ఆసుపత్రిలోనే, నాలుగో అంతస్తులో, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకునే కన్నుమూశాడు.

కొత్త సిస్టమ్ ఆమెది. వేగం కోసం అది ఫైలుని వార్డులోని కంప్యూటర్‌కే అప్పగించేస్తుంది. "వాడుకో, కానీ నేను పిలిస్తే పలకాలి" అన్నది షరతు. మూడుసార్లు పిలుస్తుంది. పలక్కపోతే ఫైలు వెనక్కి తీసుకుంటుంది. పలికితే, రుజువు సరిపోతే, ఆ ఫైలు పలికినవాళ్ళదే. ఇంకెవరూ, చివరికి తాళాలక్క కూడా, దాన్ని లాక్కోలేరు; అదే ఫైలు కోసం పిలిచినప్పుడు ఇంకొకరు పలికితేనే చేతులు మారుతుంది. ఆ నిబంధన రాసింది తనే. మూడు పిలుపులన్న లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఈ ఆదివారమే ముగించాలని ఆమె పట్టుబట్టడానికి కారణం నాలుగో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద ఉంది. చెల్లెలు. పుట్టుకతోనే గుండెలో చిన్న రంధ్రం. పొద్దున లేస్తే ఆపరేషన్. కిందటిసారి స్కాన్ ఫైలు తెరుచుకోక వాయిదా పడింది. ఆయాసంతో ఇంకో నెల మంచం పట్టింది పిల్ల. ఇంకో వాయిదాకి ఆ గుండె తట్టుకోదని డాక్టరు అక్కతో విడిగా చెప్పింది. చెల్లెలికది తెలీదు. తెలీదని అక్క అనుకుంటోంది.

నాలుగు గంటల వేళకి లక్షల ఫైళ్ళూ కొత్త చోటికి చేరాయి. ఒక్కటి మాత్రం మిగిలింది.

దానికి తాళం పడి ఉంది. పట్టుకున్నవారి పేరు చూసి ఆమెకి నవ్వొచ్చింది. మాస్టారు. పోయి ఏడాదైనా వదల్లేదన్నమాట పెద్దాయన. ఏ పాత చెత్తో చూసి తాళం విరగ్గొడదామని ఫైలు పేరు చదివింది.

నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అది చెల్లెలి ఫైలు. ఆ ఫైలు పుట్టిందే రెండు నెలల కిందట, ఆమెని మొదటిసారి చేర్చుకున్న రోజున.

వెంటనే మేనేజరుకి ఫోన్ చేసింది. అవతల పిల్లల గోల, టీవీ చప్పుడు.

"ఇందులో కంగారేముందమ్మా? ఎవరో తుంటరి వెధవ ఆయన పేరు పెట్టుకుని దూరుంటాడు. నువ్వు ఇన్నాళ్ళూ మొత్తుకుంటున్నది దాని గురించేగా? కొత్త దానిలోంచి పిలువు. రుజువు చూపించలేక వాడే పోతాడు."

నిజమే. ఇంత చిన్న సంగతి తనకి తట్టనందుకు సిగ్గేసింది. మాస్టారి పేరుకి కొత్త సిస్టమ్‌లో రుజువే లేదు. పోయిన మనిషికి ఎవరిస్తారు?

పిలిచింది.

మొదటి పిలుపుకే తెర మీద జవాబు మెరిసింది. *పలికారు. రుజువు సరిపోయింది.*

ఆమె తెర వంక చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపో తెలీదు. గదిలో ఎవరూ లేరనుకుని దీపాలు ఆరిపోయాయి.

చీకట్లో సర్వర్ల ఆకుపచ్చ చుక్కలు మినుకుమంటున్నాయి. హోరు మామూలే. దాని అడుగున ఇంకో చప్పుడు... టక్. టక్ టక్. పాత కీబోర్డు చప్పుడు. చివరి వరస వైపు నుంచి. అక్కడ బల్ల తీసేసి ఏడాదైంది.

చెయ్యి ఊపింది. దీపాలు వెలిగాయి. చప్పుడు ఆగింది. లేచి చివరి వరస దాకా వెళ్ళి చూసింది. నేల మీద బల్ల కాళ్ళ మచ్చలు నాలుగు. అంతే. వెనక్కి తిరగబోతుంటే ముక్కుకి తగిలింది. ఘాటుగా, తియ్యగా... దగ్గు బిళ్ళ వాసన.

అప్పుడే ఫోను మోగింది. చెల్లెలు.

"ఏంటి తాళాలక్కా, నా గదికి కూడా తాళమేసి మర్చిపోయావా? పైకొస్తానన్నావ్?"

"వస్తున్నానే పిచ్చుకా." చిన్నప్పట్నుంచీ ఇంట్లో అదే పేరు. వాగుడు ఆపదని నాన్న పెట్టాడు. "నీ దగ్గర కంప్యూటర్ ఏదైనా ఉందా? ఎవరైనా వచ్చి కూర్చున్నారా?"

"ఏమీ లేదు. గోడకి ఖాళీ ప్లగ్గు ఉందంతే. నిన్నట్నుంచి దాని దగ్గర టకటకా ఏదో చప్పుడు. ఎలకేమో అంటే నర్సుకి కోపమొచ్చింది." ఆగి, గొంతు తగ్గించింది. "అక్కా... రేపు అవుతుంది కదా?"

"అవుతుంది."

"ఒట్టు?"

"ఒట్టే. పడుకో."

ఫోను పెట్టేసి మళ్ళీ కుర్చీలో కూలబడింది. భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది. "నా చెల్లెలి ఫైలు మాస్టారూ. వదలండి," అని పళ్ళ బిగువున గొణిగింది. తెర మీద రెండు గడులు. పైదానిలో ఎవరిని పిలవాలో రాయాలి. కిందిదానిలో ఏ ఫైలు కోసమో రాయాలి. ఫైలు పేరు కాపీ చేసి దించింది. మీట నొక్కింది.

మొదటి పిలుపు. జవాబు లేదు.

రెండో పిలుపు. జవాబు లేదు.

పెదవులు కదిలాయి. పలకొద్దు... పలకొద్దు...

మూడో పిలుపు.

*పలికారు. రుజువు సరిపోయింది. ఫైలు చేతులు మారింది.*

మాస్టారి పేరు చెరిగిపోయింది. ఫైలు కొత్త చోటికి చేరింది. పూర్తయింది! "హమ్మయ్య" అని కుర్చీలో వెనక్కి వాలబోయి, ఆమె పై గడి వంక చూసింది.

ఈ ఆసుపత్రిలో ఫైలుకి పేరు రోగి పేరే. కంగారులో ఆ పేరు రెండు గడుల్లోనూ దించేసింది. కొత్తగా చేరినవాళ్ళు చేస్తే తను చెడామడా తిట్టే తప్పు. సిస్టమ్ ఇందాక మాస్టారిని పిలవలేదు. చెల్లెల్ని పిలిచింది.

ఫోను మోగింది.

"అక్కా, పడుకోమని నువ్వే చెప్పి నువ్వే లేపుతావేంటి?" చెల్లెలి గొంతు నిద్రమత్తుగా ఉంది. "మూడుసార్లు పిలిచావ్. మూడోసారికి 'ఆఁ' అన్నాను. చూస్తే గుమ్మంలో లేవు."

"నేను... పిలవలేదే."

"నీ గొంతే. కాకపోతే పూర్తి పేరుతో పిలిచావ్. నువ్వెప్పుడూ అలా పిలవవు కదా, అందుకే రెండుసార్లు పలకలేదు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఆగడం మామూలుగా లేదు. "అక్కా... ఆయాసంగా ఉంది. ఎవరో వచ్చి మంచం మీద కూర్చున్నట్టుంది... కాళ్ళ దగ్గర... పరుపు దిగింది..."

"గంట నొక్కు! నర్సుని పిలువు!"

"నొక్కాను... ఎవరూ పలకట్లేదు."

భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని రెండు చేతులా కొట్టింది. తీసెయ్. *కుదరదు.* విడిపించు. *కుదరదు.* పట్టుకున్నవారు పలికారు. పలికినవారి నుంచి ఎవరూ లాక్కోలేరు. రాసింది తనే. ఎంత పకడ్బందీగా రాసిందో ఆమెకే తెలుసు.

పైకి పరుగెడదామని లేచింది.

దీపాలు ఆరిపోయాయి. ఈసారి ఆమె కదులుతూనే ఉంది. గాలిలో చేతులాడించింది. వెలగలేదు. ఉన్న మనిషిని లేదనుకుంటోంది గది.

తెర ఒక్కటే వెలుగుతోంది. దాని మీద ఆమె ఏమీ నొక్కకుండానే కొత్త పిలుపు మొదలైంది. కింది గడిలో చెల్లెలి ఫైలు. పై గడి ఖాళీ.

చివరి వరస నుంచి చిన్న పొడి దగ్గు.

"అమ్మాయ్."

*మొదటి పిలుపు. జవాబు లేదు.*

"అక్కా, ఎవరది?" ఫోనులో చెల్లెలు గుసగుసలాడింది. "అక్కడా... ఇక్కడా... ఒకేసారి వినబడింది..."

"మాట్లాడకు. నువ్వు పలక్కు. ఎవరు పిలిచినా పలక్కు."

టక్. టక్ టక్. బిళ్ళ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మారిన చప్పుడు.

"అమ్మాయ్."

*రెండో పిలుపు. జవాబు లేదు.*

ఫోనులో ఇప్పుడు మాటల్లేవు. ఊపిరి ఒక్కటే. అది కూడా ఆగి ఆగి. ఆ పిల్ల పుట్టిన రోజు నుంచీ ఆ ఊపిరి వింటూ పెరిగింది అక్క. పక్క మంచం మీద పడుకుని, అర్ధరాత్రి మెలకువ వస్తే ముందు దాన్నే వెతుక్కునేది.

ఫైలు లాక్కోవడం కుదరదు. కానీ చేతులు మారవచ్చు. పలికేవాళ్ళుంటే.

భయపడలేదంటే అబద్ధం. బల్ల అంచు పట్టుకుని చీకట్లోకి చూస్తూ నిలబడింది.

"అమ్మాయ్..."

"ఆఁ," అంది తాళాలక్క.

దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఫోనులో చెల్లెలు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. వెనకాల నర్సు గొంతు, "ఏంటమ్మా, ఎందుకన్ని సార్లు నొక్కావు?" అంటూ. తెర మీద చెల్లెలి పేరు లేదు. ఆ చోట తన పేరుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు కళ్ళు మూసి తెరిచేలోగా ఫైలు తెరుచుకుందని మేనేజరు పదిమందికీ చెప్పుకున్నాడు. నర్సులు కూడా మెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి చెల్లెలు ఇల్లు చేరి మెట్లెక్కి దిగుతోంది. వాగుడు రెట్టింపైంది. అక్క సర్వర్ గదిలో జరిగినదేదీ ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మరు. తనే నమ్మడం మానేద్దామనుకుంది.

ఆ ఫైలు మాత్రం తన పేరు మీదే ఉండిపోయింది. సిస్టమ్ అప్పుడప్పుడు దాని కోసం పిలుస్తుంది. జవాబు వస్తుంది. ఏ యంత్రం నుంచి అని చూస్తే, ఏడాది కిందట పాత సామానులో పడేసిన ల్యాప్‌టాప్ పేరు. రెండుసార్లు చూసి, చూడటం మానేసింది.

ఒక సాయంత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. చెల్లెలు ఎవరి పెళ్ళి సంగతో చెబుతూ చెబుతూ ఆగింది.

"ఎవరితో అంటున్నావ్?"

"ఏమన్నాను?"

"'ఆఁ' అన్నావ్. ఎవరూ పిలవందే." నవ్వుతూ దగ్గరికొచ్చి అక్క ముఖంలోకి చూసింది. మెల్లగా నవ్వు పోయింది. "నోట్లో ఏంటది? నీకు దగ్గెప్పట్నుంచి అక్కా?"

అక్కకి దగ్గు లేదు. ఎన్నడూ లేదు. నాలుకతో తడుముకుంది. బుగ్గలో ఏదో గట్టిగా, ఘాటుగా, తియ్యగా ఉంది. అప్పటికే సగం కరిగిపోయింది.